అడవిపందుల నుంచి చేనును కాపాడుకోవాలంటే: ఏ కంచె ఎవరికి?

వెలిగొండల కింద ఉదయగిరి, సీతారాంపురం, మర్రిపాడు వైపు గానీ, నల్లమల అంచున యర్రగొండపాలెం, దోర్నాల వైపు గానీ చేను ఉన్న రైతుకి అడవిపంది చేసే నష్టం గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. తేలనిదల్లా డబ్బు దేనిమీద పెట్టాలన్నదే. సోలార్ కంచె వేయమని ఒకరంటారు, ఇనప తీగ అల్లిన జాలీ అయితే జన్మకోసారని ఇంకొకరంటారు, చుట్టూ నాలుగు సాళ్లు ఆముదం వేస్తే చాలని మరొకరు. ముగ్గురూ తమ చేలో చూసిందే చెబుతున్నారు. కానీ పంట, నేల, చేను ఆకారం, కంచెను చూసుకునే మనిషి మారితే ఫలితం మారిపోతుంది.

అందుకే ముందు కొలతలు చూద్దాం, ఆ తర్వాత కంచెలు.

## ముందు వచ్చింది పందేనా?

తెల్లవారి చేలోకి వెళ్లగానే జాడ చూడాలి. పంది నేలను మూతితో దున్నుతుంది. వేరుశనగలో సాలు వెంట మట్టి పొడవుగా తిరగబడి, మొక్కలు పీకి పడేసి, నమిలిన కాయ తొక్కలు అక్కడక్కడా ఉంటాయి. అడుగు జాడలో ముందు రెండు గిట్టలు లోతుగా, తడి నేల అయితే వెనక రెండు చిన్న గిట్టల గుర్తులు పక్కకి పడతాయి. మొక్కజొన్నలో కర్రలు విరిచి నేలకి పడేసి కండె తింటుంది. వరికయ్యలో తినేదానికంటే పొర్లి పాడుచేసేదే ఎక్కువ.

మొక్క మొదలు దగ్గర కొరికిన గాట్లు ఉండి, దగ్గరలో నల్లటి తెల్లటి ముల్లు దొరికితే అది ఏదుపంది. అడవిపంది కోసం కట్టిన తీగల కింద నుంచి అది సులువుగా వెళ్లిపోతుంది. కొమ్మల చివర్లు మాత్రమే తెగి ఉంటే దుప్పులో పశువులో వచ్చినట్టు. దుప్పికి రెండడుగుల కంచె అడ్డమే కాదు. ఇది తేల్చుకోకుండా కొంటే డబ్బు దండగ.

ఇంకో పని కూడా ఆ పొద్దునే చేయాలి. అవి వచ్చిన దారి వెతకాలి. వాగులోంచో, కాలువ తూములోంచో, చిల్లకంప పొదల మధ్య నుంచో ఒకే దారి పదేపదే వాడతాయి. ఆ దారి పక్కన చెట్టు మొదలుకి రాసుకున్న బురద ఎంత ఎత్తులో ఉందో చూస్తే జంతువు ఎంత పెద్దదో తెలుస్తుంది. రెండడుగుల పైన ఉంటే పెద్ద మగపంది. జానెడు ఎత్తులో కూడా మరకలుంటే పిల్లలతో గుంపు దిగుతోందని అర్థం. పిల్లలుంటే కింది తీగ ఎత్తు మార్చాల్సిందే.

## తూకం వేయాల్సిన నాలుగు సంగతులు

ఎన్ని రాత్రులు కాపాడాలి. వేరుశనగకి విత్తిన మొదటి పది పన్నెండు రోజులు ప్రమాదం, విత్తనం తవ్వి తింటాయి. ఆ తర్వాత కొంతకాలం అంతగా పట్టించుకోవు. మళ్లీ 65–70 రోజుల దగ్గర కాయ ఊరేటప్పటి నుంచి పీకేదాకా రావడం మొదలుపెడతాయి. మొత్తం సుమారు 50 రాత్రులు. మొక్కజొన్నకి విత్తిన వారం, ఆపైన పాలకండె నుంచి కోతదాకా దాదాపు 40 రాత్రులు. వరికి గింజ పాలు పట్టినప్పటి నుంచి నెల రోజులు. నిమ్మతోటకి మాత్రం ఏడాది పొడవునా కాపలా ఉండాల్సిందే. ఎండాకాలంలో చుట్టూ నేలంతా బీటలు వారి, తోట పాదులు ఒక్కటే తడిగా ఉంటాయి. ఆ తడిలో వానపాముల కోసం పాదులు తవ్వి, వేళ్లు తెంపి, డ్రిప్ పైపులు లాగేస్తాయి.

చుట్టుకొలత. కంచె ఖర్చు ఎకరాల లెక్కన రాదు, చుట్టుకొలత మీటర్ల లెక్కన వస్తుంది. ఎక్కువ మంది తప్పేది ఇక్కడే. చదరంగా ఉన్న ఒక ఎకరానికి చుట్టుకొలత 254 మీటర్లు. అదే ఎకరం 25 మీటర్ల వెడల్పు, 162 మీటర్ల పొడవున సన్నగా ఉంటే 374 మీటర్లు. చదరంగా ఉన్న ఐదెకరాల బిట్టుకి మొత్తం 569 మీటర్లే, అంటే ఎకరానికి 114. పదెకరాలైతే ఎకరానికి 80 మీటర్లు చాలు. ఐదుగురు ఎవరి ఎకరం వాళ్లు కట్టుకుంటే 1,270 మీటర్లు కావాలి, కలిసి కడితే అందులో సగం కూడా పట్టదు. ఏ కంపెనీ డిస్కౌంటూ ఇంత ఆదా చేయదు.

నేల, వాన. మన దగ్గర అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం పడితే వరసగా రెండు మూడు రోజులు ఎండ ఉండదు, గడ్డి వారంలో మోకాలెత్తు లేస్తుంది. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి అదే నేల గునపం దిగనంత గట్టిపడుతుంది. తడిలో పనిచేసే పద్ధతి పొడిలో దెబ్బతింటుంది, పొడిలో పనిచేసేది తడిలో కొట్టుకుపోతుంది.

చూసుకునే మనిషి. రోజూ సాయంత్రం కంచె చుట్టూ ఒక్కసారి నడిచే మనిషి ఉన్నారా? లేకపోతే సోలార్ కంచె జోలికి పోకండి.

ఇక పంది సంగతి. దానికి చూపు మందం, ముక్కు చురుకు. కంచె కనబడితే దూకాలని చూడదు, కిందనుంచి మూతి పెట్టి ఎత్తాలని చూస్తుంది. కాబట్టి ఏ కంచె అయినా నేల నుంచి మొదటి అడుగులోనే గెలుస్తుంది లేదా ఓడుతుంది. ఐదడుగుల ఎత్తు కట్టి కింద అడుగు సందు వదిలితే ఆ ఎత్తంతా వృథా.

## ఒక్క చూపులో

| పద్ధతి | ఎంతకాలం ఆపుతుంది | పెట్టుబడి | రోజువారీ పని | చెడేది ఎక్కడ |
|---|---|---|---|---|
| సోలార్ కంచె | చూసుకున్నన్నాళ్లు | మధ్యస్థం | ఎక్కువ | గడ్డి, ఎర్తింగు, బ్యాటరీ |
| జాలీ కంచె | చాలా ఏళ్లు | బాగా ఎక్కువ | తక్కువ | అడుగున పూడ్చకపోతే |
| ముళ్లతీగ | ఒకటి రెండు సీజన్లు | మధ్యస్థం | తక్కువ | తీగ వదులైతే |
| కందకం | ఒక వానాకాలం | మధ్యస్థం | తక్కువ | ఇసుక నేల, వరద |
| ఆముదం, కుసుమ సాళ్లు | ఒక పంట | చాలా తక్కువ | తక్కువ | ఆలస్యంగా వేస్తే |
| వాసన పద్ధతులు | వారం, పది రోజులు | చాలా తక్కువ | మధ్యస్థం | వాన, అలవాటు పడటం |
| చీరలు, శబ్దాలు, లైట్లు | కొద్ది రాత్రులు | తక్కువ | మధ్యస్థం | అలవాటు పడటం |
| మంచె కాపలా | ఉన్న రాత్రులు | కూలి | పూర్తిగా | నిద్ర, పాములు |

## సోలార్ కంచె

సరిగా కడితే పెట్టిన రూపాయికి ఇంత ఫలితం ఇచ్చేది వేరేది లేదు. సరిగా కట్టనివే ఎక్కువ. అందుకే దీని గురించి వివరంగా చెప్పుకోవాలి.

ఇందులో ప్రాణం ఎనర్జైజర్. 12 వోల్టుల బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుని, సెకనుకి సుమారు ఒకసారి, కంటిరెప్ప వేయడానికి పట్టే కాలంలో చిన్న వంతు మాత్రమే ఉండే దెబ్బను వేల వోల్టుల మీద తీగలోకి పంపుతుంది. వోల్టు ఎక్కువే అయినా దెబ్బ ఉండే కాలం అతి తక్కువ కాబట్టి ప్రాణం తీయదు, బాగా బెదరగొడుతుంది. ఈ మిషన్లకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 302 కింద 76వ విభాగం. ఆ గుర్తు లేని లోకల్ డబ్బాలు కొనకండి. పెట్టె మీద ‘ఇన్ని కిలోమీటర్లకు’ అని రాసేది గడ్డి తగలని ఒంటి తీగ లెక్క. మీరు మూడు తీగలు లాగుతారు, గడ్డి తగులుతుంది. రాసినదాంట్లో మూడో వంతే నమ్ముకోండి.

తీగలు. పందికి మూడు చాలు. నేల నుంచి 20 సెంటీమీటర్లు, 40, 60. పిల్లలున్న గుంపు దిగుతుంటే కింది తీగను 15కి దించాలి. దెబ్బ తడి ముక్కుకి తగలాలి. ముక్కుకి తగిలిన పంది వెనక్కి తిరుగుతుంది. కింది తీగ ఎత్తుగా ఉండి తల దూరాక మెడకో వీపుకో తగిలితే ముందుకే దూకుతుంది, తీగలు తెంపుకుని చేలోకే వస్తుంది. ఒంటి మీద బిరుసు వెంట్రుకలుండటంతో అక్కడ దెబ్బ సరిగా ఎక్కదు కూడా.

చదరపు ఎకరానికి మూడు వరసలంటే 762 మీటర్లు. 2.5 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత వేసిన ఇనప) తీగ కిలోకి సుమారు 26 మీటర్లు వస్తుంది కాబట్టి 29 కిలోలు, ముడులకి, మూలలకి ఒక రెండు కిలోలు అదనం. గుంజలు 5 మీటర్లకొకటి చొప్పున 51. ఎగుడుదిగుడు నేలలో 3 మీటర్లకొకటి, అంటే 85. మూల గుంజలకు వాలుగా ఆనించే కర్ర లేకపోతే నెలలో తీగ వదులవుతుంది.

కంచె పంటకి ఆనించి కట్టొద్దు. మీటరు దూరం వదలండి. పంట తగిలిన తీగలో కరెంటు ఆకుల్లోకి పోతుంది.

ఎర్తింగు. కంచె పనిచేయడం లేదనే ఫిర్యాదుల్లో ముందు చూడాల్సింది ఇదే. పంది తీగను ముట్టినప్పుడు కరెంటు దాని కాళ్ల నుంచి నేలలోకి దిగి, ఎర్త్ కడ్డీ ద్వారా మిషన్‌కి తిరిగి చేరాలి. ఒక్క జానెడు కడ్డీ గుచ్చి వదిలేస్తే ఆ చుట్టు పూర్తికాదు. ఆరడుగుల జీఐ కడ్డీలు మూడు, పదేసి అడుగుల దూరంలో దింపి, మూడింటినీ ఒకే తీగతో బిగించాలి. ఇంటి ఎర్త్‌కి, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌కి కనీసం 10 మీటర్ల దూరం ఉండాలి.

ఎర్త్ సరిపోయిందో లేదో తెలుసుకునే పద్ధతి ఇది. మిషన్‌కి వంద మీటర్ల అవతల రెండు మూడు ఇనప కడ్డీలు నేలలో గుచ్చి, మిషన్ ఆపి, కంచె తీగకి ఆనించి, మళ్లీ ఆన్ చేయండి. కంచె వోల్టు బాగా పడిపోతుంది. అప్పుడు కంచె వోల్టు కొలిచే టెస్టర్‌తో ఎర్త్ కడ్డీ దగ్గర చూడండి. 300 వోల్టులకి మించి చూపిస్తే ఎర్త్ చాలలేదు, ఇంకో కడ్డీ దింపాలి.

మార్చిలో ఎండిన నేలలో ఎన్ని కడ్డీలు దింపినా పంది కాళ్ల కింది నేలే కరెంటు మోయదు. అప్పుడు నడిమి తీగను ఎర్త్‌కి కలిపేయండి. కింది తీగలో కరెంటు, నడిమి తీగ ఎర్త్, పై తీగలో కరెంటు. మూతి రెండు తీగల మధ్య దూరిన పందికి నేల పొడిగా ఉన్నా దెబ్బ తప్పదు. డిసెంబరులో విత్తే రబీ వేరుశనగకి మొదటి నుంచే ఇలా కట్టుకోవడం మంచిది.

బ్యాటరీ. మిషన్ మీద రాసిన కరెంటు చూడండి. 0.3 ఆంపియర్లు అనుకుంటే, సాయంత్రం నుంచి పొద్దుటిదాకా 14 గంటలకి 4.2 ఆంపియర్ అవర్లు. మూడు మబ్బు రోజులకి 12.6. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది కాబట్టి 26 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కావాలి. చిన్న బ్యాటరీతో కిట్టు చౌకగా వస్తుంది గానీ వాయుగుండం రెండో రాత్రే చేతులెత్తేస్తుంది.

ఇన్సులేటర్లు, గేటు. సైకిల్ ట్యూబు ముక్కలు, పైపు ముక్కలు ఎండలో బాగానే కనిపిస్తాయి, వానలో తడవగానే గుంజ గుండా కరెంటు నేలకి దిగిపోతుంది. చీకట్లో వాన వెలిశాక కంచె వెంట నడిస్తే ‘టక్ టక్’మని చిన్న నీలం మెరుపు కనిపించే చోట ఇన్సులేటర్ పగిలినట్టే. గేటు కింద నుంచి తీగ తీసుకెళ్లడానికి ఇంటి వైరింగు వైరు వాడకండి. దాని తొడుగు ఇంత వోల్టుని ఆపలేదు, మట్టిలోకి లీకవుతుంది. కంచెల కోసమే వచ్చే మందం తొడుగు వైరుని పైపులో వేసి పూడ్చాలి.

కట్టిన రోజే ఆన్ చేయాలి. తీగలు లాగి, బ్యాటరీ రాలేదని నాలుగు రోజులు ఊరికే వదిలితే గుంపులో ముందు నడిచే పెద్ద ఆడపంది ఆ తీగల్లోంచి దూరడం నేర్చుకుంటుంది. తర్వాత దాన్ని మాన్పించడం కష్టం.

రోజూ సాయంత్రం దూరపు మూలలో వోల్టు చూడాలి. 4,000 పైన ఉంటే నిశ్చింత, 3,000 కిందికి పడితే ఆ రాత్రే దిగుతాయనుకోండి. వానాకాలంలో కింది తీగ దగ్గర గడ్డి వారానికోసారి కోయాలి. బాటల పక్కన తెలుగులో హెచ్చరిక బోర్డు తప్పనిసరి. హైటెన్షన్ లైన్ల కింద కంచెను వాటి వెంటే లాగకండి. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

## జాలీ కంచె

నిమ్మ, బత్తాయి, మామిడి తోటలకి తిరుగులేనిది. తోట పదిహేనేళ్లు ఉంటుంది, ఖర్చు అన్నేళ్లకీ పంచుకుంటుంది. ఏడాదికో పంట మార్చే కౌలు రైతు మాత్రం దీని వైపు చూడకూడదు. భూమి చేతిలో ఉండేది రెండు మూడేళ్లు, జాలీ మిగిలేది యజమానికి.

పైకి నాలుగడుగులు చాలు. డబ్బు అడుగున పెట్టండి. ఐదడుగుల జాలీ తీసుకుని అడుగు మేర నేలలో పూడ్చాలి. నేల గట్టిదై తవ్వలేకపోతే ఆ అడుగు భాగాన్ని బయటివైపుకి మడిచి నేలమీద పరిచి, మేకులు కొట్టి, రాళ్లు పేర్చండి. పంది జాలీ మొదట్లోనే తవ్వుతుంది, కాళ్ల కింద జాలీ ఉంటే తవ్వలేదు. కింది అంచు వెంట లావు తీగ ఒకటి బిగించకపోతే మూతితో జాలీని పైకి ఎత్తేస్తుంది. స్తంభాలు 2.5 మీటర్లకొకటి, ఎకరానికి సుమారు 102. రాతి స్తంభాలైతే చెదల బాధ ఉండదు.

వాగు, కాలువ దాటే చోటే జాలీ కంచెలకి చావు. అక్కడ జాలీ అడ్డం కడితే మొదటి వరదకి చెత్త పట్టి నాలుగు స్తంభాలతో సహా పోతుంది. ఆ సందులో పైనుంచి వేలాడే ఇనప కడ్డీల తలుపు పెట్టాలి, నీళ్లకి తెరుచుకుని మళ్లీ మూసుకునేలా.

ముళ్లతీగకి పెద్దగా చెప్పాల్సింది లేదు. అడుగు దూరంలో మూడు వరసలు కట్టమనేది వాడుక. కింది వరస అడుగు ఎత్తులో ఉంటే పంది పాకి దూరుతుంది, అర అడుగుకి దించండి. గుండ్రంగా చుట్టలుగా వచ్చే బ్లేడు తీగ ఇంతకంటే బాగా ఆపుతుంది గానీ పశువులు, కుక్కలు చీరుకుపోతాయి. ఇళ్ల దగ్గరి చేలకి వద్దు.

## కందకం

పంటకి అడుగు దూరంలో రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. ఎకరం చుట్టూ తవ్వితే 68 ఘనపు మీటర్లకి పైగా మట్టి వస్తుంది, జేసీబీ పనే. ఎర్ర గరప నేలలో అంచు నిలుస్తుంది. ఇసుక నేలల్లో మొదటి వానకే అంచులు కూలి మెట్లలా తయారవుతాయి. తవ్విన మట్టిని చేను వైపు గట్టుగా పోస్తే కందకానికి ఎత్తు కలిసొస్తుంది. వానాకాలపు పంటలో వాన నీటికి దారిగా కూడా ఉపయోగం. విడిగా దీన్నొక్కదాన్నే నమ్ముకోవడం మంచిది కాదు. ఆముదంతో కలిపితే బాగుంటుంది.

## ఆముదం, కుసుమ సాళ్లు

వేరుశనగ, మొక్కజొన్న చుట్టూ ఒత్తుగా నాలుగు సాళ్లు ఆముదం వేయడం పరిశోధన కేంద్రాలు కూడా చెప్పే పద్ధతి. ఆముదం ఘాటు లోపలి పంట వాసనను కప్పేస్తుంది, పంది ఆముదాన్ని తినదు. కుసుమకి వాసనతో పాటు ముళ్లు కూడా ఉంటాయి.

విత్తే తేదీ దగ్గరే ఇది చెడిపోతుంది. వేరుశనగతో పాటే ఆముదం గింజ వేస్తే, విత్తనం తవ్వే మొదటి పది రోజులకి అది మొలకే. కనీసం నెలన్నర ముందు వేయాలి. డిసెంబరు వేరుశనగకి అక్టోబరు వానల్లోనే గట్టు లోపల ఆముదం పడాలి. కుసుమ కూడా అక్టోబరు, నవంబరు పంటే. సాళ్ల మధ్య ఎక్కడా మనిషి నడిచేంత సందు ఉండకూడదు. దారి కోసం ఒక్క మూల వదిలితే గుంపంతా ఆ మూల నుంచే వస్తుంది.

దీనికి భూమి ఖర్చవుతుంది. రెండు మీటర్ల వెడల్పున ఎకరం చుట్టూ వేస్తే సుమారు 12 సెంట్లు పోతుంది. ఆ 12 సెంట్ల ఆముదం గింజ అమ్ముకోవచ్చు కాబట్టి పూర్తి నష్టం కాదు. గింజలు విషం, పశువుల నోటికి, పిల్లల చేతికి అందకుండా చూడండి.

గుంపు ఇప్పటికే చేలోకి అలవాటు పడి ఉంటే ఆముదం ఆపదు. పందులు అప్పుడప్పుడూ వచ్చి పోయే ఊళ్లలో మాత్రం బాగా పనికొస్తుంది.

## వాసనలు, చీరలు, శబ్దాలు

మంగలి షాపులోంచి తెచ్చిన వెంట్రుకలు చేను చుట్టూ అడుగు వెడల్పున చల్లడం, కుళ్లిన కోడిగుడ్ల ద్రావణం పిచికారీ, కిరోసిన్‌లో ముంచిన తాళ్లు మూడు వరసలు, ఊరపందుల పేడ కలిపిన నీళ్లు గట్టు మీద పోయడం. ఇవన్నీ పొడి వాతావరణంలో వారం, పది రోజులు పనిచేస్తాయి. వాన పడితే ఆ రోజే మళ్లీ వేయాలి. ఒకదాన్నే పట్టుకు కూర్చోకుండా మార్చి మార్చి వాడితే ఎక్కువ రోజులు లాగవచ్చు. కోతకి పది రోజులే ఉండి, చేతిలో ఏమీ లేనప్పుడు ఇవే దారి.

ఫోరేట్ గుళికలు గుడ్డ మూటల్లో కట్టి వేలాడదీయమని పాత కరపత్రాల్లో ఉంటుంది. ఫోరేట్ అమ్మకం, వాడకం 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధం. ఎవరి దగ్గరైనా పాత నిల్వ ఉన్నా వాడకండి, ఆ మూట కింద మేసిన మేక బతకదు.

పాత చీరలు, అరుపులు రికార్డు చేసిన మైకులు, మెరిసే లైట్లు కొత్తలో బెదిరిస్తాయి. రోజూ ఒకే చోట, ఒకే సమయంలో, ఒకే అరుపు వస్తుంటే కొద్ది రాత్రుల్లోనే అలవాటు పడిపోతాయి. మైకు జాగా రోజూ మార్చాలి, శబ్దాల మధ్య విరామం కూడా మారుతుండాలి.

మంచె మీద కాపలాకి బూట్లు, మంచి టార్చి ముఖ్యం. రక్తపింజరి రాత్రే తిరుగుతుంది. పిల్లల తల్లికి, గాయపడిన మగపందికి ఎదురు వెళ్లొద్దు. అవి పారిపోయే దారి వదిలి, పక్కనుంచి అదిలించాలి.

## ఈ జాబితాలో చేర్చనివి

మోటారు లైను నుంచి తీగకి నేరుగా కరెంటు పెట్టడం. 230 వోల్టులు ఆగకుండా పారే ఆ తీగకి, సోలార్ కంచెకి పోలికే లేదు. దాన్ని ముట్టిన మనిషి వదిలించుకోలేడు. తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చే పక్క చేను రైతు, మేకల కాపరి, ఒక్కోసారి తీగ పెట్టినవాళ్ల ఇంటి మనిషే బలవుతారు. పెట్టినవాళ్ల మీద ప్రాణం తీసిన కేసుతో పాటు విద్యుత్ చౌర్యం కేసు కూడా పడుతుంది. మీ ఊళ్లో ఎవరైనా పెడుతుంటే ఊరుకోకండి, చెప్పి మాన్పించండి.

నాటు బాంబులు, ఉచ్చులు కూడా అంతే. బాంబు కొరికి దవడ పోయిన ఆవుని చూసినవాళ్లెవరూ మళ్లీ ఆ మాట ఎత్తరు. ఉచ్చులో ఎలుగుబంటో చిరుతో పడితే జైలే.

తుపాకీ సంగతి చాలామంది అడుగుతారు. అడవిపందికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. నిలిచిన పంటకి ముప్పుగా మారిన జంతువు విషయంలో ఆ చట్టం 11వ సెక్షన్ కింద అనుమతి ఇచ్చే అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి, ఆయన అధికారమిచ్చిన అధికారికి మాత్రమే ఉంది. లైసెన్సు తుపాకీ ఉన్నంత మాత్రాన ఆ హక్కు రాదు. పంచాయతీ తరఫున అటవీ రేంజి కార్యాలయంలో రాతపూర్వకంగా అర్జీ పెట్టవచ్చు. దాన్ని నమ్ముకుని కంచె పని మాత్రం ఆపకండి. ఆడపంది నాలుగు నెలలు కూడా మోయదు, ఒక ఈతలో నాలుగైదు పిల్లలు పెడుతుంది. రెండు పందుల్ని తీసేసినా దారి తెరిచి ఉంటే వచ్చే ఏడాదికి మళ్లీ గుంపు సిద్ధం.

## ఎవరికి ఏది

ఎకరం, రెండెకరాల వేరుశనగ, కౌలు భూమి. విప్పి తీసుకెళ్లగలిగే సోలార్ కంచె. మిషన్, బ్యాటరీ, తీగ మీవే, భూమి మారితే వెంట వస్తాయి. గుంజలు కర్రవే చాలు. అంత డబ్బు లేకపోతే అక్టోబరులోనే ఆముదం వేసి, విత్తిన మొదటి పది రాత్రులు, చివరి రెండు వారాలు వాసన పద్ధతులు, కాపలా కలపండి. నడిమి రోజుల్లో కాపలా కాసి ఒళ్లు అలవగొట్టుకోవద్దు.

నిమ్మతోట, సొంత భూమి. జాలీ. డబ్బు ఒకేసారి కుదరకపోతే అవి వచ్చే వైపు, అంటే వాగు వైపు లేదా కొండ వైపు, జాలీ వేసి మిగతా మూడు వైపులా సోలార్ తీగలు లాగండి. ఒక్క వైపే కట్టి మూడు వైపులు ఊరికే వదిలితే చుట్టూ తిరిగి వస్తాయి.

చెరువు కింద వరి, ఎడగారు గానీ రబీ గానీ. కాపాడాల్సింది ఒక నెలే. కయ్యల గట్ల మీద సోలార్ తీగ రెండు వరసలు సరిపోతుంది, తడి నేల కాబట్టి ఎర్త్ గురించి దిగులు లేదు. నీళ్లు తీగకి తగలకుండా, గట్టు మీద గడ్డి కోసి ఉంచితే చాలు. దీనికోసం జాలీ కట్టడం డబ్బు పారేసుకోవడమే.

మొక్కజొన్న. కర్రలు ఎత్తుగా లేచాక లోపల గుంపు పగలు కూడా దాక్కుంటుంది. ఆ తర్వాత కంచె ఆన్ చేస్తే వాటిని లోపలే బంధించినట్టు. పాలకండె రాకముందే చేను మొత్తం తొక్కి ఖాళీ అని చూసుకుని, అప్పుడు కంచె మూయాలి.

ఐదారుగురి చేలు ఒకే బిట్టుగా ఉన్నచోట. కలిసి కట్టండి, ఇంకో మాటే లేదు. అయితే డబ్బు ఎకరాల లెక్కన, గడ్డి కోత సరిహద్దు లెక్కన అని ముందే రాసుకోవాలి. బ్యాటరీ, మిషన్ ఒకరి కొట్టంలో ఉండాలి, సాయంత్రం వోల్టు చూసే పని వారానికొకరిది. మధ్యలో ఎవరైనా కలవనంటే వాళ్ల చేను లోపల ఉంచే చుట్టూ కట్టేయండి. వాళ్లని తప్పించడానికి కంచెను లోపలికి మలిస్తే అయ్యే అదనపు మీటర్లు వాళ్ల వాటా కంటే ఎక్కువే అవుతాయి. గేటు రాత్రి తెరిచి వదిలేసిన ఒక్కరి వల్ల అందరి పంటా పోతుంది కాబట్టి గేట్లు రెండుకి మించొద్దు.

## అన్నీ చేసినా నష్టం జరిగితే

మట్టి సరిచేయకముందే ఫొటోలు తీయండి. అడుగు జాడ పక్కన పెన్నో పెట్టి ఒకటి, పీకిన మొక్కలు దగ్గరగా ఒకటి, చేను గుర్తుపట్టేలా దూరం నుంచి ఒకటి, లొకేషన్ ఆన్‌లో ఉంచి. అడవి జంతువుల నష్టాన్ని ప్రధానమంత్రి ఫసల్ బీమాలో స్థానిక నష్టాల కింద అదనపు కవరుగా చేర్చుతున్నట్టు కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది, 2026 ఖరీఫ్ నుంచి అమలు. నష్టం జరిగిన 72 గంటల్లోగా పంటల బీమా యాప్‌లో ఫొటోలతో నమోదు చేయాలి. ఏ జంతువులు, ఏ జిల్లాలు అన్నది రాష్ట్రం నోటిఫై చేస్తుంది కాబట్టి ప్రీమియం కట్టేముందే రైతు సేవా కేంద్రంలో మీ మండలం, మీ పంట అందులో ఉన్నాయో లేదో అడగండి. అటవీ శాఖకి ఇచ్చే నష్టపరిహారం అర్జీ దీనికి వేరు. దానికి ఈ ఫొటోలతో పాటు పట్టాదారు పాసుపుస్తకం నకలు జత చేయండి, కౌలు రైతులైతే సీసీఆర్‌సీ (పంట సాగుదారు హక్కుల) కార్డు.